మనోవ్యాధికి మందుంది.. ముందు మాట కావాలి!

జ్వరమొస్తే పక్కింటివాళ్లకు చెబుతాం. షుగరొస్తే పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవాళ్లతోనూ ముచ్చటిస్తాం. అదే మనసు బాగా లేకపోతే? ఇంట్లోవాళ్లకూ చెప్పం. పైకి చెప్పుకోలేని ఆ బాధ గుండె దడగా, తలనొప్పిగా, కడుపులో మంటగా వేషం మార్చుకుని చివరికి మా మెడిసిన్‌ ఓపీకి వస్తుంది. దాన్ని గుర్తించటం డాక్టర్లమైన మాకూ కొన్నిసార్లు ఆలస్యమవుతుంది. ఒక్క ప్రశ్న ముందే అడిగితే తప్పిపోయే ప్రమాదాలు చాలా ఉంటాయి.

ప్రభుత్వాసుపత్రిలో మెడిసిన్‌ ఓపీ అంటే ఉదయం తొమ్మిదింటికే వరండా నిండిపోతుంది. ఒక్కొక్కరికి దొరికేది మూడు, నాలుగు నిమిషాలే. కొన్నేళ్ల కిందట ఆ వరుసలోనే ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. వయసు 52. (ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను.) మొదటిసారి గుండె దడ అన్నారు. ఈసీజీ తీయించాం, బాగానే ఉంది. రెండోసారి నీరసం. రక్తం, షుగర్‌, థైరాయిడ్‌ పరీక్షలు చేయించాం. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. మూడోసారి కడుపులో మంట. నాలుగోసారి నడుము నొప్పి, నిద్ర పట్టటం లేదని. ప్రతిసారీ వెంట భర్త ఉండేవారు. నేను ఆమెను అడిగిన ప్రశ్నలకు చాలావరకు ఆయనే సమాధానం చెప్పేవారు.

‘‘రిపోర్టులన్నీ నార్మల్‌. ఏమీ లేదమ్మా, టెన్షన్‌ పెట్టుకోకండి’’ అన్నాను.

‘‘నేనూ అదే చెబుతున్నా మేడమ్‌! ఈవిడకేం తక్కువ? సొంతిల్లుంది. పిల్లలిద్దరూ సెటిలయ్యారు’’ అన్నారాయన. ఆమె ఏమీ మాట్లాడలేదు. కాగితాలు సర్దుకుని, దణ్నం పెట్టి వెళ్లిపోయారు.

ఐదోసారి ఆమె ఓపీకి రాలేదు. రాత్రిపూట అత్యవసర విభాగానికి స్ట్రెచర్‌ మీద తీసుకొచ్చారు. ఆ రోజు డ్యూటీలో నేనే ఉన్నాను. ‘‘పొరపాటున ఏవో మాత్రలు వేసుకుంది’’ అన్నారు ఇంట్లోవాళ్లు. అదృష్టవశాత్తూ బతికారు. మూడో రోజు వార్డులో, వెంట ఉన్నవాళ్లను టీ తాగి రమ్మని పంపించి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ‘‘మనసెలా ఉందమ్మా?’’ అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: ‘‘నాలుగుసార్లు వచ్చాను మేడమ్‌. ఈ మాట ఇవాళే అడిగారు.’’

ఆ రోజు నుంచి నా ఓపీలో ‘ఏమీ లేదు’ అనే మాట మానేశాను. ‘‘గుండెలో జబ్బు లేదు. కానీ మీ బాధ నిజం. దానికి కారణం ఇంకోచోట వెతుకుదాం’’ అంటున్నాను. చెప్పటానికి అర నిమిషం పడుతుంది, అంతే.

మనసుకు మనకున్నవి తిట్లే!

ఒంటి బాధలకు మన భాషలో ఎన్ని మాటలో! సలపరం, పోటు, గుంజటం, తిమ్మిరి, మంట, పీకటం.. పేషెంటు ఒక్క మాట అనగానే సగం రోగం మాకు అర్థమైపోతుంది. మనసు దగ్గరికి వచ్చేసరికి మిగిలేవి ‘పిచ్చి’, ‘మెంటల్‌’ లాంటి తిట్లు. హైదరాబాద్‌లో పిల్లలు కొట్లాడుకుంటే ‘నిన్ను ఎర్రగడ్డకు పంపించాలిరా’ అంటారు. అక్కడున్నది పీజీ వైద్యులు చదువుకునే, రోజూ వందల కుటుంబాలకు ఆసరా అయ్యే ప్రభుత్వ మానసిక వైద్యశాల. దాని ఊరి పేరునే మనం తిట్టుగా మార్చుకున్నాం. ఇక ఎవరైనా ధైర్యంగా అక్కడి చీటీ చేత్తో పట్టుకుని బస్సెక్కగలరా?

దీనికి తోడు ‘మనోవ్యాధికి మందు లేదు’ అనే సామెత ఒకటి. ఆ మాట పుట్టిన రోజుల్లో అది నిజమే అయ్యుండొచ్చు. ఇప్పుడు కాదు. కుంగుబాటు, ఆందోళన, అతిశుభ్రత లాంటి ఒకే పనిని పదేపదే చేయించే సమస్యలు, బాలింతల్లో వచ్చే దిగులు.. వీటన్నింటికీ మందులున్నాయి, మాటల చికిత్సలున్నాయి. కొరవడింది మందు కాదు. అక్కడిదాకా రానిచ్చే మాట.

2015-16లో బెంగళూరులోని నిమ్‌హాన్స్‌ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి పదిమందిలో ఒకరు. ఇంకో లెక్క ఇంతకన్నా బాధపెట్టేది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందటం లేదు. షుగర్‌ వచ్చిన పదిమందిలో ఎనిమిది మంది డాక్టరు దగ్గరకే వెళ్లటం లేదంటే ఎంత గగ్గోలు పెట్టేవాళ్లం? ఇక్కడ మాత్రం ఎవరూ ఉలిక్కిపడరు.

ఒంటి భాషలో మనసు గోడు

‘గుండెల్లో గాబరా’, ‘తల బరువు’, ‘ఒళ్లంతా సూదులు గుచ్చినట్టు’, ‘ఎన్ని మాత్రలు మింగినా తగ్గని గ్యాస్‌’. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారు మాతో ఎక్కువగా చెప్పేవి ఇవే. ఇది నటన కాదు, ‘ఊరికే అనిపించటం’ కూడా కాదు. నొప్పిని నియంత్రించే నాడీ మార్గాలూ, మన భావోద్వేగాలను నడిపించే మార్గాలూ మెదడులో చాలాచోట్ల ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. మనసు కుంగినప్పుడు మామూలు నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. ఆందోళనలో అడ్రినలిన్‌ ఎక్కువగా విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమటలు పడతాయి, పేగుల కదలికలు మారిపోతాయి.

అలాగని ప్రతి దడనూ మనసు మీదికి నెట్టేయకూడదు. రక్తహీనత, థైరాయిడ్‌ లోపం, విటమిన్‌ బి12 లోపం కూడా అచ్చం కుంగుబాటులాగే నీరసం, నిరాసక్తత తెచ్చిపెట్టగలవు. కాబట్టి ముందు పరీక్షలు అవసరమే. అవి బాగున్నాయని తేలిన తర్వాత కూడా బాధ తగ్గకపోతే, ఆసుపత్రులూ స్కానింగులూ మార్చుకుంటూ పోవటం ఆపి మనసు వైపు చూడాలి. ఇంకో మాట: షుగర్‌ ఉన్నవారిలో కుంగుబాటు మిగతావారి కంటే సుమారు రెట్టింపు. మందులు సరిగ్గా వేసుకుంటున్నా, తిండి మీద ధ్యాస పోయి షుగర్‌ అదుపు తప్పుతుంటే ఈ కోణం కూడా చూసుకోవాలి.

ఎప్పుడు అనుమానించాలి?

దగ్గరివాళ్లు పోతే ఏడుస్తాం. ఉద్యోగం పోతే దిగులుపడతాం. ఇవి జబ్బులు కావు. తేడా తెలుసుకోవటానికి డాక్టర్లం ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతాం. ఇవి ఇంట్లో ఎవరైనా అడగదగినవే.

గత రెండు వారాలుగా చాలా రోజులు..
1. దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టుగా అనిపిస్తోందా?
2. ఇంతకుముందు ఇష్టంగా చేసే పనుల మీద కూడా ఆసక్తి పోయిందా?

ఏ ఒక్కదానికైనా ‘అవును’ అనే జవాబు వస్తే డాక్టరుతో మాట్లాడటం మంచిది. దీంతో పాటు నిద్ర చెదరటం, తెల్లవారుజామునే మెలకువ వచ్చేయటం, ఆకలి మారటం, ఏకాగ్రత లేకపోవటం, ‘నావల్ల అందరికీ బరువే’ అన్న అపరాధ భావన ఉంటే మరీ ముఖ్యం.

అందరిలోనూ ఇది ఒకేలా కనిపించదు. మగవాళ్లలో ఏడుపుకు బదులు చిరాకు, కోపం, పెరిగిపోయిన తాగుడుగా కనిపించొచ్చు. ఇంటర్‌ హాస్టల్‌ నుంచి వచ్చిన పిల్లాడు రోజంతా తలుపేసుకుని పడుకుంటే బద్ధకం అనుకుంటాం. కాన్పయిన కోడలు బిడ్డను ఎత్తుకోవాలనిపించటం లేదంటే ‘ఇదేం తల్లి’ అంటాం. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాక ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు వీడియో కాల్‌లో ‘బాగానే ఉన్నాం’ అంటారు. ఫోన్‌ పెట్టేశాక అన్నం వండుకోరు. ఇవన్నీ ఒక్కసారి ఆగి చూడాల్సిన గుర్తులు.

‘నలుగురూ ఏమనుకుంటారో!’

ఈ భయం డాక్టర్ల ఇళ్లలో ఉండదనుకుంటున్నారా? నా చిన్నప్పుడు మా మేనమామ మా ఇంట్లోనే ఉండేవారు. ఆయన మాత్రలు వంటింట్లో, టానిక్కుల సీసాల వెనక దాచేవారు. ఎవరైనా అడిగితే ‘నీరసానికి’ అని చెప్పమనేవారు. మా అక్కకు పెళ్లి చూపులు ఉన్న రోజున ఆయన్ని ఊరికి పంపించేశారు. ‘సంబంధం చెడిపోతుంది’ అన్నారు పెద్దవాళ్లు. ఆయన తిరిగొచ్చాక ఎవరినీ ఏమీ అడగలేదు. కానీ ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా తనంతట తానే డాబా మీదికి వెళ్లిపోయేవారు. జబ్బు కంటే ఆ దాచిపెట్టటమే ఆయన్ని ఎక్కువ కుంగదీసిందని నాకు వైద్యం చదివాకే అర్థమైంది.

‘చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది’ అంటారు మన పెద్దలు. ఈ చిక్కుముడిని విప్పాల్సింది జబ్బుపడిన మనిషి కాదు. చుట్టూ ఉన్న మనం. చెబితే మానం పోని ఇల్లు అయితే ప్రాణం పోయే అవసరమే రాదు.

ఇంట్లో ఎలా మాట్లాడాలి?

మంచి ఉద్దేశంతోనే మనం అనే కొన్ని మాటలు ఎదుటివారి నోరు నొక్కేస్తాయి. ‘ఎవరికి లేవు కష్టాలు?’, ‘ఖాళీగా కూర్చుంటే ఇలాంటివే వస్తాయి’, ‘ధైర్యం తెచ్చుకో’.. ఇవి విన్న మనిషి ఇంకోసారి చెప్పరు. కాలు విరిగినవాళ్లను ‘ధైర్యంగా పరిగెత్తు’ అనం కదా! అన్నింటికంటే ప్రమాదకరమైన సలహా ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’. పెళ్లి చికిత్స కాదు. దాచిపెట్టి చేస్తే రెండు జీవితాలు దెబ్బతింటాయి.

బదులుగా ఇలా ప్రయత్నించండి.

* సమయం చూసుకోండి. నలుగురిలో, టీవీ ముందు అడగొద్దు. సాయంత్రం నడకలోనో, బట్టలు మడత పెడుతూనో, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి.
* చూసింది చెప్పండి. ‘నీకేమైంది?’ అని నిలదీయొద్దు. ‘వారం నుంచి సరిగ్గా తినటం లేదు, రాత్రి లేచి కూర్చుంటున్నావు. నాకు బెంగగా ఉంది’ అనండి.
* వెంటనే సలహా ఇవ్వకండి. మౌనంగా ఉన్నా పక్కనే కూర్చోండి. ‘చెప్పాలనిపించినప్పుడు చెప్పు, నేనున్నాను’ అంటే చాలు.
* గుడికి వెళ్తామంటే వెళ్లనివ్వండి. పూజ, ప్రార్థన, నమాజు ఎవరికి ఊరటనిచ్చేది వారిది. కానీ అవి డాక్టరుతో పాటుగా ఉండాలి. డాక్టరుకు బదులుగా కాదు.
* ‘నిన్ను పిచ్చి డాక్టరుకు చూపిస్తా’ అని బెదిరించొద్దు. ‘ఇద్దరం కలిసి వెళ్దాం’ అనండి.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడగొచ్చా?

చాలామంది భయపడేది ఇక్కడే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని. అలా జరగదు. సూటిగా, ప్రేమగా అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. ‘నేను లేకపోతే మీరు హాయిగా ఉంటారు’ లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయటం, అందరికీ వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడటం కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోని మాత్రలు, పురుగు మందులు అందకుండా తాళం వేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్‌ చేయండి.

అత్యవసర విభాగంలో నిజం చెప్పటానికి కుటుంబాలు వెనకాడేది పోలీసు కేసు భయంతో. ‘పొరపాటున మింగింది’ అని రాయించుకుని, ఒళ్లు కుదుటపడగానే ఇంటికి తీసుకెళ్లిపోతారు. మనసుకు జరగాల్సిన చికిత్స అక్కడే ఆగిపోతుంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. ఆ వ్యక్తికి చికిత్స, సంరక్షణ అందించటం ప్రభుత్వ బాధ్యత అంటోంది. ఆసుపత్రిలో మెడికో లీగల్‌ నమోదు జరగొచ్చు. దానికి భయపడి డాక్టరు దగ్గర నిజం దాచొద్దు.

అపోహలు - నిజాలు

‘ఈ మందులు మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాల్సిందే’: అందరికీ కాదు. మొదటిసారి కుంగుబాటు వచ్చినవారికి, బాగయ్యాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. మళ్లీ మళ్లీ వచ్చేవారికి, తీవ్రమైన మానసిక జబ్బులున్నవారికి ఎక్కువ కాలం అవసరం కావొచ్చు. బీపీకి ఏళ్ల తరబడి వేసుకోవటం లేదా?

‘అవన్నీ మత్తు మందులే, అలవాటైపోతాయి’: కుంగుబాటుకు ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న మందులు వ్యసనం కలిగించేవి కావు. అలవాటయ్యే ప్రమాదం కొన్ని రకాల నిద్ర మాత్రలతో ఉంటుంది. వాటిని సొంతంగా కొనుక్కుని నెలల తరబడి వేసుకోవటమే ముప్పు.

‘వారం వేసుకున్నా ఏమీ తేడా లేదు’: పారాసెటమాల్‌లా ఇవి గంటలో పనిచేయవు. గుణం తెలియటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మొదట్లో కొద్దిగా వికారం, గాబరా ఉండొచ్చు. ఆ వారాల్లో మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. బెంగ పెరిగినట్టు అనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. ఒక్కసారిగా మానేయకూడదు.

‘మానసిక జబ్బు వచ్చిందంటే మనోబలం లేనట్టే’: వంశపారంపర్య ధోరణి, హార్మోన్ల మార్పులు, దీర్ఘకాలిక జబ్బులు, జీవితంలో తగిలే దెబ్బలు.. ఇలా ఎన్నో కలిస్తే వస్తుంది. బలవంతులకు టైఫాయిడ్‌ రాదా? ఇదీ అంతే.

ఎక్కడికి వెళ్లాలి?

నేరుగా సైకియాట్రిస్టు దగ్గరకే వెళ్లాలని లేదు. జంకుగా ఉంటే ముందు మీ ఫ్యామిలీ డాక్టరుతోనో, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి మెడిసిన్‌ ఓపీలోనో ‘మనసు బాగుండటం లేదు’ అనే ఒక్క మాట చెప్పండి. అవసరమైన చోటికి వాళ్లే పంపిస్తారు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. అక్కడ సంప్రదింపులకూ, సాధారణంగా వాడే మందులకూ డబ్బు కట్టనక్కర్లేదు. సైకియాట్రిస్టులు మందులు రాసే డాక్టర్లు. సైకాలజిస్టులు మాటల చికిత్స చేసేవారు. చాలామందికి ఇద్దరి సాయమూ కలిస్తే మేలు.

ముఖం చూపించటానికి సిగ్గనిపిస్తే ఫోనుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ‘టెలి మానస్‌’ సేవలు ప్రారంభించింది. 14416కి రోజులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్‌ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

చికిత్స వివరాలను గోప్యంగా ఉంచటం పేషెంటుగా మీ హక్కు అని కూడా పైన చెప్పిన చట్టమే చెబుతోంది. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తింపజేయాలని బీమా సంస్థలను ఆదేశిస్తోంది. మీ పాలసీలో ఏముందో ఒకసారి అడిగి తెలుసుకోండి.

మొదట చెప్పిన ఆవిడ ఇప్పుడు కులాసాగా ఉన్నారు. అంతా ఒక్కసారిగా మారిపోలేదు. మొదటి మందు పడక మార్చాల్సి వచ్చింది. మధ్యలో ఒకసారి మానేసి, మళ్లీ మొదలుపెట్టారు. ఆయన మారటానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. మొదట్లో మానసిక విభాగం ముందు కూర్చోవటానికి ఇష్టపడక, గేటు బయట స్కూటర్‌ దగ్గరే నిలబడేవారు.

ఆ మధ్య ఒక రోజు బీపీ మాత్రల కోసం ఇద్దరూ నా ఓపీకి వచ్చారు. ‘‘ఆలస్యమైందేం?’’ అని అడిగాను. వెనక వరుసలో పదిమంది నిలబడి ఉన్నారు. ‘‘ముందు మనసు డాక్టరుకు చూపించుకుని వస్తున్నాం మేడమ్‌’’ అన్నారాయన, మామూలు గొంతుతోనే. నేను చీటీ రాస్తుండగా వరుసలోని ఒక నడివయసు మనిషి ముందుకు వంగి ఆయన్ని అడిగాడు: ‘‘ఆ డాక్టరు ఏ గదిలో ఉంటారండీ?’’